తలపాగా రంగు

చంద్రగిరి కోట వెనకపక్క గోడలో ఒక చిన్న దిడ్డివాకిలి ఉండాది. పొద్దుగూకినాక ఆ దోవన ఎవరూ పోరు. ఆడ విజయనగరం రాజుల కాలంనాటి బంటు ఒకడు కావలి కాస్తా ఉంటాడని, రాజ్యాలు పోయినా వాడు మాత్రం దిగిపోలేదని చెప్పుకుంటారు. మేకలు తోలుకొచ్చేవాళ్లు కూడా చుట్టు తిరిగే వస్తారు.

అట్లాంటి చోటికి దయానంద్ కావాలనే పోయినాడు. ఏం చెప్పేది ఆ మనిషి గురించి!

బొటనవేలంత సిపాయి బొమ్మలు తెప్పించుకోని, భూతద్దం కింద పెట్టి రంగులేసే పిచ్చి ఆయనది. ఏ కాలం దండు ఏ గుడ్డ కట్టింది, కత్తి ఏ పక్క వేలాడదీసింది... అదే లోకం. పోయినేడు తిరుపతి బొమ్మల పోటీలో విజయనగరం బంట్లకు ఎర్ర తలపాగాలు పెట్టినాడు. తీర్పు చెప్పే మోహన్‌కృష్ణ, రిటైరైన చరిత్ర లెక్చరరు, ఒక్క మాటే అడిగినాడు: "ఎరుపని ఆధారం ఏమి?" అంతమందిలో దయానంద్ బొమ్మలు డబ్బాలో సర్దుకోని వచ్చేసినాడు. ఆ అవమానం ఏడాదైనా మరిచిపోలేదు.

తెల్లారితే మళ్లీ పోటీ. బొమ్మలన్నీ అయినాయి, తలలు మాత్రం బోడిగా ఉండాయి. పుట్టీతో తలపాగాలు చుట్టి రంగేయాల. ఏ రంగు? ఉన్న పుస్తకాలన్నీ తిరగేసినాడు. యాడా దొరకలేదు.

"అంతగా తెలుసుకోవాలంటే ఆ దిడ్డికాడి బంటునే పోయి అడుగు," అనింది పెళ్లాం ధరణి, దోసె తిప్పతా.

ఎగతాళికి అనింది పాపం. ఈయన చెప్పులేసుకున్నాడు.

దిడ్డికాడ చీకటి... కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి. సెల్లు లైటు వేసినాడు — రాతి అరుగు మీద ఎవరో కూర్చోనుండారు. పక్కన గోడకు ఈటె ఆనించి ఉండాది.

వెనక్కి రెండడుగులు వేసినాడు. అయినా ఇంతదూరం వచ్చి అడక్కుండా పోతే ఎట్లా?

"అయ్యా..." గుసగుసగా అడిగినాడు. "మీ తలపాగా... ఏం రంగు?"

అరుగు మీదినించి ఒక నిట్టూర్పు వినిపించింది.

"దండు కదిలేలోగా తలగుడ్డలిస్తామన్నారప్పా... ఇంకా ఇయ్యలేదు."

లైటు ఆరిపోయింది.

ఇంటికెట్లా వచ్చి పడినాడో దయానంద్‌కే తెలీదు. ఒక చెప్పు ఆడనే పోయింది. ఎవుడో తాగుబోతు, నన్ను ఆటపట్టించినాడు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకుంటానే బ్రష్షు తీసి, ఒక్కో తలకూ నల్ల జుట్టు వేసి సిగ ముడి పెట్టినాడు. పుట్టీ డబ్బా మూత తీయనేలేదు.

పొద్దున పోటీలో మోహన్‌కృష్ణ ఆ బొమ్మల ముందర ఆగినాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"తలపాగాలు లేవే. ఆధారం ఏమి?"

చుట్టూ జనం. ఈసారీ పరువు పోయినట్టే అనుకున్నాడు దయానంద్. ఏమని చెప్పేది, ఎవరు చెప్పినారని చెప్పేది?

పెద్దాయన అటూ ఇటూ చూసి, దయానంద్ చెవికాడికి వంగినాడు.

"నువ్వు దిడ్డికాడికి పోయినప్పుడు... కూర్చోనుండినాడా, నిలబడుకోనుండినాడా?"