సొల్ అంటే ఎటు?

పోటీ మొదలవడానికి నాలుగు నిమిషాలుంది. ఎల్జాస్ దిక్సూచిని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు.

"అది గడియారం కాదు," అంది తొర్గిన్.

"తెలుసు. లోపల నీళ్ళున్నట్టున్నాయి."

"ఉంటాయి. ముల్లు ఊగిపోకుండా పోస్తారు."

"మరీ దాహమేస్తే తాగొచ్చా?"

తొర్గిన్ కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టబోయింది. ఏడు దగ్గరే ఓపిక అయిపోయింది. నేరుగా కోచ్ సాబిత్ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, ఎవరినైనా ఇవ్వండి. అతను తప్ప."

"ఎవరున్నారమ్మాయ్? నీతో పరిగెత్తాల్సిన అనువార్‌కి పొద్దుట్నుంచీ వాంతులు. మిగిలింది ఇతనొక్కడే. మంచి కాళ్ళు."

"కాళ్ళుంటే సరిపోతుందా మాస్టారూ, ఎటు పోవాలో తెలియొద్దూ?"

"అది నీకు తెలుసుగా. వెళ్ళు, టైమవుతోంది."

కిజిల్‌కుమ్ ఎడారి అంచున ఏటా జూన్‌లో జరిగే జంటల పోటీ అది. మ్యాపు, దిక్సూచి పట్టుకుని, ఇసుకలో అక్కడక్కడా పాతిన పది జెండాలను వరుసగా వెతుక్కుంటూ పరిగెత్తాలి. ప్రతి జెండా దగ్గరా ఒక చిన్న పెట్టె ఉంటుంది. వేలికి తగిలించుకున్న చిప్పును అందులో గుచ్చితే కీచుమంటుంది. జంటలో ఇద్దరూ ఒక నిమిషం తేడాలో గుచ్చాలి, లేకపోతే పోటీ నుంచి ఔట్.

మొదట వచ్చిన జంట జూలైలో అల్మాటీ వెళ్ళి ప్రాంతీయ జట్టు తరఫున ఆడుతుంది. పోయిన రెండేళ్ళూ తొర్గిన్ రెండో స్థానంలోనే ఆగిపోయింది. వచ్చే ఏడాదికి జూనియర్ల వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరిసారి. ఆ ఆఖరిసారికి దొరికిన జోడీ ఇతను.

నాలుగు నెలలుగా ఎల్జాస్ ప్రాక్టీసుకు వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ తప్పిపోతాడు. అందరూ కలిసి వెతికితే ఏ గొర్రెలకాపరి గుడారంలోనో కూర్చుని టీ తాగుతూ దొరుకుతాడు. ఇసుకలోనే పుట్టి ఇసుకలోనే పెరిగిన మనిషి మ్యాపు చేతికిస్తే చాలు దారి తప్పడం ఎలాగో తొర్గిన్‌కు అంతు పట్టలేదు.

"విను," అంది తొర్గిన్, పోటీ మొదలయ్యే గీత దగ్గర నిలబడి. "నువ్వు ముందు పరిగెత్తు. వెనకనుంచి నేను చెబుతా. చెప్పింది చెయ్యి, సొంత తెలివి వాడకు."

"అలాగే."

"మ్యాపు జోలికి రాకు."

"దాని జోలికి నేనెందుకొస్తాను? దానికీ నాకూ పడదు."

విజిల్ మోగింది.

మొదటి మూడు జెండాలూ తేలిగ్గానే దొరికాయి. ఎల్జాస్ నిజంగానే బాగా పరిగెత్తుతాడు. తొమ్మిదిన్నరకే బూట్ల అడుగునుంచి వేడి పైకి పాకుతోంది. ఇసుకలో తొర్గిన్ కాలు చీలమండ దాకా దిగబడుతుంటే, అతను మాత్రం గట్టి నేల మీద పోతున్నట్టు పోతున్నాడు. ఆమెకు అదీ చిరాగ్గానే ఉంది.

మూడో జెండా దాటాక దారి పడమటికి తిరిగింది. ఎదురుగా పెద్ద ఇసుక దిబ్బ. నాలుగో జెండా దానికి ఎడమ పక్కగా వెనకాల ఉంది. ఎల్జాస్ ఇరవై గజాల ముందున్నాడు.

"సొల్," అని అరిచింది తొర్గిన్.

అతను చెయ్యి ఊపి దిబ్బ చాటుకు వెళ్ళిపోయాడు. తొర్గిన్ మ్యాపు మీదనుంచి తల ఎత్తేసరికి మనిషి లేడు. ముందే మలుపు తిరిగాడనుకుని తనూ ఎడమకు తిరిగింది. జెండా దొరికింది. ఎల్జాస్ దొరకలేదు.

చిప్పు గుచ్చకుండా నిలబడింది. నిమిషం గడిచింది. మూడు నిమిషాలు. నీలం చొక్కాల పట్నం జంట వచ్చి, గుచ్చి, ఆమెను వింతగా చూసి వెళ్ళిపోయింది. నలుగురిలో నోరు మెదపని తొర్గిన్ ఎడారి మధ్యలో నిలబడి, గొంతు చించుకుని అతని పేరు పిలిచింది. ఒక ఒంటె మాత్రం తల తిప్పి చూసింది.

పదకొండో నిమిషంలో ఎల్జాస్ ఆమె అడుగుజాడలు చూసుకుంటూ, రొప్పుతూ వచ్చాడు.

"ఎక్కడ చచ్చావు?"

"నువ్వు చెప్పిన చోటికే వెళ్ళాను. సొల్ అన్నావు. ఉత్తరానికి పోయాను."

"సొల్ అంటే ఎడమ."

"మా ఇంట్లో సొల్ అంటే ఉత్తరమే."

తొర్గిన్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వాళ్ళ భాషలో ఎడమను సొల్ అంటారు, ఉత్తరాన్ని సొల్‌తూస్తిక్ అంటారు. మాటలో వెనక సగం తినేయడం ఇసుకపల్లెల వాళ్ళ అలవాటు. ఆ అలవాటు తన ఆఖరి పోటీని కూడా తినేసింది.

"మా అమ్మ పాలకుండ కూడా ఉత్తరప్పక్క పెట్టమంటుంది," అన్నాడు ఎల్జాస్. "కుడి ఎడమలు ఎవరు చూస్తారు? మనిషి తిరిగినప్పుడల్లా అవీ మారిపోతాయి. అయినా పొద్దు పొడిచే వైపు తిరిగి నిలబడితే ఎడమా ఉత్తరమూ ఒకటే కదా."

"మనం పొద్దుకి వీపు పెట్టి పరిగెత్తుతున్నాం."

అతను వెనక్కి తిరిగి సూర్యుణ్ణి చూశాడు. "అదీ నిజమే."

"చిప్పు గుచ్చు."

రెండు కీచులు వినిపించాయి. ఐదో జెండా దాకా తొర్గిన్ అతని పక్కనే పరిగెత్తింది.

ఆరో జెండా ఒక చిన్న ఇసుక గుట్ట పక్కన ఉండాలి. మ్యాపులో గుట్ట ఉంది, ఎదురుగా లేదు. తొర్గిన్ దిక్సూచి చూసింది, అడుగులు లెక్కపెట్టింది, మళ్ళీ చూసింది. దూరంగా నీలం చొక్కాలు కూడా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"ఇది ఎప్పుడు గీశారు?" ఎల్జాస్ మెల్లిగా అడిగాడు.

"పోయిన శీతాకాలానికి ముందు."

"అయితే గుట్ట నడిచిపోయుంటుంది. ఈసారి వసంతంలో గాలి ఎక్కువ కదా."

"గుట్ట నడవడమేంటి?"

"దాని మూలంగా మేం పశువుల పాక మూడుసార్లు మార్చుకున్నాం. నన్నడుగు. చెట్లెక్కడున్నాయో చూడు. సక్సౌల్ చెట్టు వేరు పాతాళంలో ఉంటుంది, అది ఎటూ పోదు."

సొంత తెలివి వాడొద్దన్నది తనే. తొర్గిన్ విసుగ్గా మ్యాపు అతని ముఖం ముందుకు తోసింది.

"ఇదిగో. ఈ ఆకుపచ్చ చుక్కలే చెట్లు."

అతను మొదటిసారి మ్యాపును సరిగ్గా చూశాడు. తర్వాత చెయ్యి చాపి, "అదిగో ఆ మూడూ. ఇదిగో ఈ వంగినది," అన్నాడు. తొర్గిన్ వాటి మధ్య కొలత వేసింది. జెండా ఒక పల్లంలో సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. వీళ్ళు గుచ్చి బయల్దేరేసరికి నీలం చొక్కాలు ఇంకా లేని గుట్టను వెతుక్కుంటున్నాయి.

అక్కణ్ణుంచి తొర్గిన్ కుడి ఎడమలు వదిలేసింది. దక్షిణం, తూర్పు అని కేక వేయడం, అతను బాణంలా దూసుకుపోవడం. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంత తేలికైన సంగతికి నాలుగు నెలలు ఎందుకు పట్టిందా అని ఆమెకు ఇంకా మండుకొచ్చింది.

పదో జెండా అయింది. ఆఖరి దిబ్బ ఎక్కితే గమ్యం కనిపిస్తుంది. అప్పటికి నీలం చొక్కాలు దాదాపు వీపు మీదికి వచ్చేశాయి. తొర్గిన్ ఒక అడుగు ఎక్కితే సగం కిందికి జారుతోంది.

"నా అడుగుల్లో అడుగెయ్యి," అన్నాడు ఎల్జాస్. "తొక్కిన చోట ఇసుక గట్టిగా ఉంటుంది."

ఆమె వేసింది. కాలు దిగబడలేదు. కానీ ముందు అతను కుంటుతున్నట్టు పొట్టి పొట్టి అడుగులు వేస్తున్నాడు.

"ఏంటా నడక? త్వరగా పద."

"నీ కాలికి అందొద్దూ?"

పైకి చేరేదాకా తొర్గిన్ అతని మడమలనే చూస్తూ ఎక్కింది.

తొమ్మిది సెకన్ల తేడాతో గెలిచారు.

సాబిత్ మాస్టారు ఫారం పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ వ్యాను నీడలో కూలబడి ఉన్నారు. "శభాష్. ఇక అల్మాటీ. నీ పేరు రాసేశాను తొర్గిన్. జోడీని మార్చుకోవచ్చని రూల్ ఉంది. అనువార్ రెండ్రోజుల్లో లేస్తాడు. ఎవరి పేరు రాయను?"

"అనువార్‌దే రాయండి మాస్టారూ," అన్నాడు ఎల్జాస్ వెంటనే. "అక్కడ ఇసుక ఉండదు. నాతో అయితే ఓడిపోతుంది."

"నిన్నెవరడిగారు?" అంది తొర్గిన్.

"నిజమే చెబుతున్నా. అసలు నాకీ ఆటే ఇష్టం లేదు."

"ఇష్టం లేకపోతే నాలుగు నెలలు ఎందుకొచ్చావు?"

ఎల్జాస్ బూటు విప్పి ఇసుక ఒంపుకున్నాడు. చాలానే ఉంది. ఒంపడం అయ్యాక, "కుస్తీ కోచ్ కూడా పిలిచాడు," అన్నాడు. "నువ్వు కుస్తీకి రావు కదా. ఇంకేం చెయ్యను?"

సాబిత్ మాస్టారికి ఉన్నట్టుండి ఫారంలో చదవాల్సింది ఏదో కనిపించింది.

తొర్గిన్ చెవులు కాలిపోయాయి. చుట్టూ పదిమంది ఉన్నారు. మామూలుగా అయితే ఇక్కడ తల దించుకునేది. కానీ ఉదయంనుంచీ వచ్చిన కోపం ఇంకా కొంత మిగిలే ఉంది, అదే పనికొచ్చింది. లేచి మాస్టారి చేతిలోంచి పెన్ను లాక్కుని ఎల్జాస్ పేరు రాసింది.

"రేపు ఏడింటికి మైదానానికి రా. మ్యాపు చదవడం నేర్పిస్తా. గుడారంలో టీ తాగుతూ దొరికావంటే చంపేస్తా."

"వస్తాను."

"ఏడు అంటే ఏడే."

అప్పుడే వ్యాను అవతలనుంచి ఒకావిడ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ఎల్జాస్ వాళ్ళమ్మ కులియాష్. ఒంటెల మంద దగ్గరనుంచి బండి మీద వచ్చింది. కొడుకును వదిలేసి తొర్గిన్‌ను కాసేపు తేరిపార చూసింది.

"నువ్వేనా? కూర్చో తల్లీ," అని చిన్న గిన్నెలో పాలు కలిపిన టీ పోసింది. గిన్నె అడుగు మాత్రమే తడిసింది. రెండు గుక్కలకు మించి రాదు.

గిన్నె నింపి ఇస్తే, తాగి ఇక బయల్దేరమని అర్థం. కొంచెమే పోస్తే, మళ్ళీ మళ్ళీ పోస్తాను, ఇప్పుడప్పుడే లేవొద్దని. ఈ మర్యాద అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు.

"అమ్మా, పది కిలోమీటర్లు పరిగెత్తింది, గొంతెండిపోయి ఉంది," అన్నాడు ఎల్జాస్. "నిండా పొయ్యి."

"నువ్వు నోరు మూసుకో," అంది కులియాష్.

"నువ్వు నోరు మూసుకో," అంది తొర్గిన్ కూడా, అదే క్షణంలో. తర్వాత ఆ రెండు గుక్కలూ తాగి, ఖాళీ గిన్నెను రెండు చేతులతో ఆవిడ ముందుకు చాపింది.