పడగొట్టిన ఇంటి గేటు దగ్గర

"గడప దాటకే గాలీ... దీపముంది లోపల...
అమ్మ వచ్చేదాకా... అమ్మ వచ్చేదాకా..."

ఆ తర్వాత ఏముందో గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు పాడుబడ్డ ఇంటి ముందునుంచి పోవాల్సి వస్తే, ఆడపిల్లలమంతా చేతులు పట్టుకుని ఇది పాడుకుంటూ ఒకటే పరుగు తీసేవాళ్లం.

ఇదీ అలాంటి ఇంటి సంగతే. కాకపోతే ఈ ఇల్లు భూమ్మీద లేదు. పడగొట్టి ఐదేళ్లయింది. అక్కడిప్పుడు టైర్ల కొట్టుంది. అయినా నిరుటిదాకా కంప్యూటర్లో ఆ వీధిలోకి వెళితే... ఇల్లు నిలబడే ఉండేది! పసుపు గోడ, నీలం గేటు. గేటు పట్టుకుని ఒక ఆడమనిషి. ఆవిడ పోయి ఏడేళ్లు.

"దీపాలు పెట్టాక ఆ వీధి తెరవకూడదు మామ్మగారూ..." అని అప్పట్లో వణికిపోయింది మా పక్కింటి దర్జీ పిల్ల. అది చెప్పిందే చెబుతున్నాను.

దాని మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. అతనికిది రెండో పెళ్లి. మొదటావిడ జబ్బుచేసి పోయింది. ఒక్కతే కూతురు. నర్సు చదువు చదువుతూ హాస్టల్లో ఉంటుంది. దర్జీ పిల్ల కాపురానికొచ్చిన రోజే గోడమీది ఫోటో చూసి, "ఈ ఇంట్లో ఆవిడుండాలా, నేనుండాలా?" అంది. ఫోటో పెట్టెలోకి పోయింది. కూతురు రావడమూ తగ్గిపోయింది.

రాత్రి అన్నాలయ్యాక మొగుడూ పెళ్లాలు కంప్యూటర్ ముందు చేరి లోకమంతా తిరిగేవాళ్లు. ఆకాశంలోంచి గద్దలా ఒక ఊరి మీద వాలడం, వీధి ఫోటోల్లోకి దిగడం, బాణం గుర్తు నొక్కుతూ నడవడం.

"ఏమండీ, ఆ దండెం మీద చొక్కా చూడండి. కాలరు వంకర కుట్టాడు!"

"ఇన్ని సముద్రాలు దాటొస్తే నీకు కాలరే కనబడిందా?"

ఒక రాత్రి ఆమెకు మెలకువ వచ్చింది. పక్కన అతను లేడు. ముందుగదిలో గుసగుసలు...

"నెమ్మదిగా... మలుపొచ్చింది... ఇంకో రెండడుగులు..."

తలుపు సందులోంచి చూసింది. తెరమీద పసుపు గోడ, నీలం గేటు. గేటు దగ్గరి మనిషికి ముఖం లేదు! ముఖమున్న చోట తడిచేత్తో తుడిచేసినట్టు మసక.

ముఖమెందుకు దర్జీదానికి? కొలత చాలదూ! పెట్టెలో ఉన్న మొదటావిడ పాత రవికెలు ఎన్నిసార్లు విప్పి చూసిందో... అన్నిటికీ ఎడమ భుజం అరంగుళం కిందికి. ఈ మనిషికీ అంతే.

"అదుగో..." అన్నాడతను. "నిలబడే ఉంది. చూశావా?"

ఎవరితో? గదిలో ఇంకెవరూ లేరు.

దర్జీ పిల్లకి ఒళ్లంతా చల్లబడింది. చల్లబడిన ఒళ్లే మరుక్షణం మండిపోయింది. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుని అడగొచ్చు. చచ్చినదాన్ని ఏం చెయ్యను? నా పక్కలోంచి లేచిపోయి మరీ దాని గుమ్మానికి వెళుతున్నాడే!

మర్నాడు అతను కొట్టుకి వెళ్లాక ఆ వీధి తెరిచింది. కిందెక్కడో, ఫోటోలో తప్పుంటే చెప్పమని ఒక గడి ఉంది. 'ఇది మా ఇల్లు. ఎవరికీ కనబడకుండా చెయ్యండి' అని ఒంటివేలితో కొట్టింది. మళ్లీ ఎప్పటికీ తెరవడం కుదరదు, సరేనా అని అడిగింది అది.

సరేనని నొక్కింది.

వారంలో ఇల్లూ గేటూ మనిషీ అంతా ఒకే మసక. ఆ రాత్రి అతను తెరముందు చాలాసేపు కూర్చున్నాడు. "మూసేశారు..." అని మాత్రం అన్నాడు. మళ్లీ కంప్యూటర్ తెరవలేదు. లోకం తిరగడమూ పోయింది.

ఏడాది గడిచింది. ఒకనాడు దర్జీ పిల్లకి ఊసుపోక తన వీధే చూసుకుందామనిపించింది. కొత్త ఫోటోలు పెట్టారు. తన కిటికీ, తన కుట్టుమిషను బోర్డు, తన గేటు...

గేటు పట్టుకుని ఒక మనిషి.

ముఖం లేదు. ఎడమ భుజం... అరంగుళం కిందికి.

పైప్రాణాలు పైనే పోయాయి! గుమ్మం లేకుండా చేశాను కదా... నా గుమ్మానికొచ్చింది! దర్జీ పిల్ల పెట్టిన కేకకి లోపల్నుంచి అతను పరిగెత్తుకొచ్చాడు. తెరవంక చూశాడు. తెర దగ్గరికి వంగాడు.

"అమ్మలు..." అన్నాడు. "మా అమ్మలు వచ్చిందే... అచ్చం వాళ్లమ్మ భుజమే... ఎప్పుడొచ్చింది? నాకు చెప్పలేదే!"

అప్పుడు బయటపడింది సంగతి. ఆ రాత్రుళ్లు అతని చెవిలో ఫోనుండేది. అవతల హాస్టల్లో కూతురూ అదే వీధి తెరుచుకునేది. తండ్రీ కూతుళ్లు బడి దగ్గర మొదలుపెట్టి, బాణం గుర్తులు నొక్కుకుంటూ తమ పాత ఇంటి గేటు దాకా కలిసి నడిచేవాళ్లట. వీధుల ఫోటోలు తీసే బండి వచ్చిన రోజు తల్లి అక్కడ నిలబడింది కూతురు బడినుంచి వచ్చే వేళని.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"ఫోటోకే చోటు లేదన్నావు కదా..."

దర్జీ పిల్ల తెల్లవారగానే బస్సెక్కింది. హాస్టలు మెట్ల మీద అతని కూతుర్ని కూర్చోబెట్టి, తలెత్తకుండా మొత్తం చెప్పేసింది. "నేనే మూయించాను. అసూయతో. మళ్లీ తీయడానికి లేదు."

ఆ పిల్ల ఏడవలేదు. తిట్టలేదు. ఇలా అంది—

"మూసేశాక నాన్నని చూద్దామని వచ్చాను పిన్నీ. గేటు దాకా వచ్చాక లోపల నీ మిషను చప్పుడు వినబడింది. వెనక్కి వెళ్లిపోయాను."

దర్జీ పిల్ల ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆ పిల్ల చెయ్యి ఇవ్వలేదు. లాక్కోనూ లేదు. క్లాసుకి గంట కొడితే లేచి నాలుగు మెట్లెక్కి, వెనక్కి తిరిగింది.

"మీ గేటు దగ్గర నేనున్నాను కదా పిన్నీ... నన్ను మూయించకు."