గంజ్ ఎనక గల్లీల తలుపు చప్పుడు

వనపర్తిల ధాన్యమమ్మే గంజ్ ఎనక ఒక గల్లీ ఉండె. పగటిపూట దానంత మంచి గల్లీ ఊర్లనే లేదనేటోళ్లు. పొద్దుగూకినంక మాత్రం... అక్కడ ఎవరు తలుపు కొట్టినా తీయరు. సచ్చినా తీయరు.

ఇది ఆ గల్లీల ఉండొచ్చిన జహీరున్నీసా మా అమ్మకు చెప్తుంటే నేను విన్న. ఇదంత జరిగింది రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న కాలంల. దీపాలకు గాసునూనె దొరకక ఊరంత చీకటే.

జహీరున్నీసాది ఇటిక్యాల దిక్కు పల్లె. వైద్యం అందక అక్కడ ఇద్దరు పిల్లల్ని మన్నుల పెట్టింది. మూడో పిల్ల సఫియా పుట్టంగనే మొగుడు యూసుఫ్‌తో కొట్లాడింది. "దవాఖాన దగ్గర లేని ఊర్ల నేనుండ" అని, పిల్లను సంకనేసుకొని వనపర్తికొచ్చింది. యూసుఫ్ సంతలు తిరిగి బట్టలమ్మేటోడు. ఇంట్ల ఉండే రాత్రులు తక్కువ. అయినా భయం లేకుండె. అన్నీ సంసారుల ఇండ్లాయె. బజారు పక్కనే, బడి పక్కనే, గంజ్ దాటితే దవాఖాన. ఒకింట్ల కూర ఉడికితే పక్కిండ్లకు గిన్నెలు పోయేటివి. పక్కింటి సుభద్రమ్మ అయితే సఫియాను కింద దించకపోయేది.

ఆ సుభద్రమ్మనే ఒకనాడు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పింది.

"జర విను బిడ్డా... చీకటి పడ్డంక తలుపు కొడ్తే తీయకు. పేరు పెట్టి పిల్సినా పలకకు."

"ఎవరు కొడ్తరు పెద్దమ్మా?"

"ప్లేగొచ్చిన ఏడు, చివరింట్ల ఒకామె కిరాయికుండె. మొగుడు అప్పటికే పోయిండు. రోగమొచ్చిన బిడ్డను భుజాన ఏసుకొని, రాత్రంత ఇల్లిల్లు తిరిగి తలుపులు కొట్టింది. తెల్లారి మేమందరం రోగానికి భయపడి, ఊరిడిచి, బండ్లు కట్టుకొని పొలాలల్లకు పోయినం. తిరిగొచ్చినంక చూస్తే... ఇల్లు ఖాళీ. తల్లి లేదు, బిడ్డ లేదు. పానం పోయినా కొట్టుడు ఆపలే ఆమె."

"ఆ రాత్రి మీరెవ్వరు తీయలేదా?"

సుభద్రమ్మ చేటందుకొని లోపలికి పోయింది.

వానకాలంల ఒక రాత్రి జహీరున్నీసాకు గూడ ఇనబడ్డది. ముందు చివరింటి కాడ... ఠక్... ఠక్. కొంచెం ఆగి పక్కింట్ల. ఇంకింత దగ్గర. ఆఖరికి తన తలుపు మీదనే — ఠక్. పిల్ల ఎక్కడ ఏడుస్తదోనని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఊపిరి బిగవట్టి కూసుంది. ఆ చప్పుడు సూసి సూసి... మెల్లగ ఎళ్లిపోయింది.

చలికాలమొచ్చింది. ఒకనాడు సందె కాడ సఫియాకు దగ్గు మొదలైంది. చీకటి పడేటాళ్లకు గొంతు పూడుకపోయింది. ఊపిరి తీస్తుంటే రంపం కోసినట్టు చప్పుడు. పెదవులు నీలం తిరుగుతున్నయి. యూసుఫ్ చూస్తే నాగర్‌కర్నూల్ సంతకు పోయిండు. ఆ వేళకు దవాఖానకు తాళం పడ్తది. డాక్టరు సాబ్ ఇల్లేడనో ఆమెకు తెల్వదు.

పిల్లను శాలువల చుట్టి బయటికురికింది. సుభద్రమ్మ తలుపు రెండు చేతులతో బాదింది.

"పెద్దమ్మా! నేను జహీరాను... సఫియాకు ఊపిరి ఆడ్తలేదు... తలుపు తియ్యి పెద్దమ్మా!"

లోపల దీపం ఆరిపోయింది.

గుసగుస ఇనబడ్డది — "అదే... ఈసారి జహీరా గొంతు పెట్టింది. తీయకుండ్రి."

ఎదురింటికి పోయింది. ఆ పక్కింటికి పోయింది. "అల్లా మీద ఒట్టు, నేను మనిషినే!" అని మొత్తుకుంది. ప్రతి తలుపు ఎనక మనుషులున్నరు... ఊపిరి ఇనబడ్తుంది. ఎవ్వరు గడియ తీయలే. పగలంత తన పిల్లను ఎత్తుకొని ముద్దాడిన చేతులే అవి. అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. భుజం మీద పిల్ల దగ్గుడు గూడ ఆపేసింది...

గల్లీ మలుపు కాడ ఎవరో నిలబడ్డరు. సన్నటి ఆడమనిషి. తల మీద నల్ల గొంగడి.

"తీయరు" అన్నదామె. "ఇటు తే."

రెండు చేతులు చాపింది.

జహీరున్నీసా పిల్లను ఎదకు హత్తుకుంది. ఎనక్కి ఉరుకుదామంటే ఎటు ఉరుకుతది? ఎనక అన్నీ మూసిన తలుపులే.

"దెయ్యమే అనుకున్నక్కా" అని మా అమ్మకు చెప్పింది జహీరున్నీసా. "అయినా ఇచ్చిన. నా బిడ్డకు ఊపిరి కావాలె. అది ఎవరిస్తే నాకేంది?"

ఆ గొంగడామె పిల్లనందుకొని ఒకటే ఉరుకుడు. గంజ్ దాటింది, సందుల పడ్డది. ఎనక జహీరున్నీసా — చెప్పులు ఎక్కడ పోయినయో తెల్వదు. ఒక బంగ్లా ముందు ఆగి, ఆమె గేటును కాలితో తన్ని తన్ని కేకలేసింది. కందిలి పట్టుకొని డాక్టరు సాబ్ బయటికొచ్చిండు. సూదేసిండు, ఆవిరి పట్టించిండు. ఎంతసేపో ఏమో... సఫియా ఒక్కసారి గట్టిగ ఏడ్చింది.

తెల్లారుతుంటే ఆ గొంగడామె అరుగు మీద, పిల్ల పక్కన కూసోని ఉంది. జహీరున్నీసా ముందుగాల ఆమె కాళ్ల దిక్కు చూసింది. పగుళ్లేసిన కాళ్లు. మనిషి కాళ్లే.

"నీ పేరేందక్కా?"

"జమ్ములమ్మ. ఎనకట మీ గల్లీలనే, చివరింట్ల ఉంటి."

జహీరున్నీసా ఎనక్కి జరిగింది. "నువ్వు... పోయినవన్నరు గదా..."

"పోయింది నా బిడ్డ. డాక్టరును ఎతుక్కుంట ఎతుక్కుంట ఈ బంగ్లా కాడికొచ్చేసరికి నా భుజం మీదనే చల్లగైంది. నేను బత్కిన. దవాఖాన బట్టలు ఉతుక్కుంట ఇక్కడ్నే ఉన్న. ఆ గల్లీలోళ్లెవ్వరు నన్ను ఎతకలే."

"మరి రాత్రిపూట ఆ తలుపులు..."

"నేనే కొడ్త."

"ఎందుకక్కా?"

జమ్ములమ్మ నిద్రపోతున్న సఫియా ఛాతి మీద చెయ్యేసి, అది లేస్తుంటే, పడ్తుంటే చూస్తుంది.

"ఒక్కరన్న... ఒక్కసారన్న... తీస్తరేమోనని" అన్నది.