ఎడమ చెంప మీది మొటిమ

అపూర్వకు నా మీద కోపం రావడానికి కారణం ఒక మొటిమ. అది కూడా నేను పెట్టించింది.

నా పేరు అద్వైత్. యూసుఫ్‌గూడలో ఉంటా. అసిస్టెంట్ డైరెక్టర్‌ని. మా వెబ్ సిరీస్‌లో నా డ్యూటీ కంటిన్యుటీ. అంటే సీన్ సగంలో ఆగితే, మళ్లీ తీసేనాడు చెవికమ్మ నుంచి చెదిరిన జుట్టు దాకా అన్నీ అట్లనే ఉండాలె. అందుకే ప్రతి షాట్‌కు ఫోటో తీసి పెడతా.

జూబ్లీహిల్స్‌లో కిరాయికి తీసుకున్న బంగ్లా టెర్రస్ మీద, మేకప్ లేకుండా మా హీరోయిన్ అపూర్వ ఏడ్చే సీన్. సగం కాంగనే వాన దంచింది. నాలుగు రోజులకు తెరపిస్తే, అప్పటికి ఆమె ఎడమ చెంప మీది మొటిమ అణిగిపోయింది. ఫోటోలో ఉంది, మొహం మీద లేదు. మేకప్ చేసే తెరెసా అక్కకు చెప్పి అదే జాగాల ఒకటి పెట్టించిన.

అద్దం చూసుకుని సక్కగా నా దగ్గరికే వచ్చింది.

"ఏవండీ, ఊరంతా మొటిమలు దాచుకోలేక చస్తుంటే మీరు నాకు కొత్తగా పెట్టిస్తారా?"

"ఆ రోజు ఉండె కదా మేడమ్. కంటిన్యుటీ."

"ఆ రోజు జ్వరం కూడా ఉందండీ. అదీ తెప్పిస్తారా?"

యూనిట్ అంతా నవ్వింది. ఆమె చూడకుండా నేనూ నవ్విన. అంతల మళ్లీ వాన. ఆ సీన్ ఆనాడూ కాలే.

షెడ్యూల్ ఆఖరి రోజు మా డైరెక్టర్ శాంతరాజు సార్ మానిటర్ ముందు విసుక్కున్నడు. "ఒక్క క్లోజప్‌కి గంట మేకప్పా? మూడు నెలల తర్వాత మళ్లీ మొదలుపెడతాం. అప్పటికీ ఇలాగే ఉంటే రీషూట్ అయినా సరే, వేరే అమ్మాయిని చూద్దాం."

వెనకనే అపూర్వ నిలబడి ఉంది. కాకినాడ నుంచి వచ్చి నాలుగేళ్లు తిరిగితే దొరికిన మొదటి పెద్ద వేషం. ఆ మాటలన్నీ విన్నది.

ఇంటికి పోయి ఫోటోలన్నీ ముందటేసుకున్న. మొటిమలు ఎక్కువగా దవడ, గడ్డం మీదనే. మెడ వెనక చర్మం పట్టీ లెక్క నల్లబడ్డది. దాని మీద తెరెసా అక్క రోజూ ఫౌండేషన్ పూస్తది. అట్లాంటి మెడ కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలని మా అక్క మనోజ ఎప్పుడో అన్నది. అక్క స్కిన్ డాక్టర్.

మరునాడు ఫిల్మ్‌నగర్ టీ కొట్టు దగ్గర అపూర్వకు ఫోన్ చూపించిన.

"నా మొటిమలవి రెండొందల ఫోటోలా? అబ్బాయిలు మామూలుగా పువ్వులు తెస్తారండీ."

"జర మెడ చూడండి."

ఆమె మొహం మారింది. "అది మురికి కాదు. రుద్దీ రుద్దీ చర్మం ఊడొచ్చింది."

"మురికని నేనన్ననా? ఒక్కసారి మా అక్కకు చూపియ్యండి."

క్లినిక్‌ల అక్క నన్ను బయటికి పంపి ఆమెను ఏవేవో అడిగింది, పరీక్షలు రాసింది. రిపోర్టులు వచ్చినంక అపూర్వనే నాకు పాఠం చెప్పింది.

"ఇన్సులిన్ రెసిస్టెన్స్ అట. ఇన్సులిన్ చెప్పిన మాట ఒళ్లు సరిగ్గా వినదట. అందుకని ఇంకా ఎక్కువ తయారవుతుంది. అది ఎక్కువైతే మగ హార్మోన్లు పెరిగి, మొహాన జిడ్డు, మొటిమలు. అందరి మొటిమలకీ ఇదే కారణం కాదట. నాకు మాత్రం ఇదేనంది."

"షుగరా?"

"ఇంకా కాదు. నాన్నకుంది. మీ అక్క మాత్రలు, క్రీము ఇచ్చింది. సెట్‌లో రోజుకి ఎనిమిది తీపి టీలు, బిస్కెట్లు బంద్. తిన్నాక నడవాలి." నా దిక్కు చూసింది. "ఒక్కదాన్నే అంటే బోర్ అండీ."

మూడు నెలలు ఇద్దరం కేబీఆర్ పార్కు చుట్టూ నడిచినం. మొదటి నెల ఏం తగ్గక ఏడ్చింది. రెండో నెల కొత్తవి రావడం తగ్గింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో మాత్రం నా ఫోటోల్లో దొరకలే.

షెడ్యూల్ మొదలైంది. మొదట ఆ టెర్రస్ సీనే. శాంతరాజు సార్ మానిటర్‌లో చూసి, "లైటింగ్ ఏమైనా మార్చారా?" అని అడిగిండు. మార్చలే. వేషం నిలిచింది.

కానీ సీన్‌కు పాత మొటిమ కావాలె. అపూర్వ తెరెసా అక్క చేతిలోని బ్రష్ గుంజుకుని నాకిచ్చింది.

"నువ్వే పెట్టు."

దగ్గరికి పోయిన.

"అపూర్వా, నీ మొటిమలు పోయినయ్. ఇంక నీ పక్కన నడవడానికి నాకు సాకు లేదు. అదే నా భయం. నువ్వంటే నాకిష్టం."

చెప్పేసి, బ్రష్ ఆనించిన. ఆమె అద్దం చూసుకుంది.

"మొటిమ ఎడమ చెంప మీద కదా అద్వైత్?"

కుడి చెంప మీద పెట్టిన. నా ఉద్యోగంలో ఇదే మొదటి తప్పు. గబగబ తుడవబోతే చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా తుడువు. నాకూ ఇష్టమే."

"షాట్ రెడీనా?" అని కింది నుంచి శాంతరాజు సార్ కేకేసిండు.

"అయిదు నిమిషాలు సార్," అంది తెరెసా అక్క. "కంటిన్యుటీ చూసుకుంటున్నారు."