నీళ్లు కొట్టని పిల్లర్

కార్వాన్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టు వెనక గదిలో సీక్రెట్ సర్వీస్ ఆఫీసుందంటే మీరు నమ్మరు. నమ్మకండి. అందుకే అది ఇన్నేళ్లుగా సీక్రెట్‌గా ఉంది.

ఏజెంట్లంతా బాపు అని పిలిచే చీఫ్ ఈశ్వరయ్య కందిపప్పు బస్తా మీద కూర్చుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"విదేశీ ముఠా. మీరు వారం సంది నిఘా పెట్టిన ఛత్రినాక బ్రిడ్జికి రిపేర్ నడుస్తున్నది కదా, దాని ఏదో పిల్లర్ లోపల బాంబ్ పెట్టిన్రు. ఇయ్యాల బోనాల ఊరేగింపు బ్రిడ్జి ఎక్కే టైంకు పేలుతది."

ఏజెంట్ శ్రవణ్‌కుమార్ ముఖం పాలిపోయింది. ఊరేగింపులో ముందు నడిచేది అతని తల్లి నాగమణమ్మ.

ఈశ్వరయ్య, ఏజెంట్ వరుణ్‌కు ఫారిన్ స్కానర్ వాచ్ ఇచ్చాడు. శ్రవణ్‌కు బాత్రూమ్ కడిగే ఆసిడ్ సీసా.

"వాచ్ నాకెందుకియ్యలే, బాపు?"

"నీ చేతికి లూజయితది."

బ్రిడ్జి కింద స్వీటీ ఎదురొచ్చింది. రిపేర్ ఇంజినీర్ వేషంలో ఉన్న మన ఏజెంటే. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. నేరుగా వచ్చి వరుణ్ చేయి పట్టుకుంది. వారం నుంచి శ్రవణ్‌కు ఇదే కడుపుమంట. గాజులమ్మేవాడి వేషంలో అతను ఎండలో మాడుతుంటే, ఆమె వరుణ్‌కు ఉస్మానియా బిస్కెట్లు తినిపించేది.

పిల్లర్ల నిండా ఇనుప చువ్వలే కదా, వాచ్ అన్నిచోట్లా ఒకేలా మోగింది.

"ఆల్ క్లియర్," అన్నాడు వరుణ్.

డప్పులు దగ్గరికొస్తున్నాయి.

"ఆగన్నా," అన్నాడు శ్రవణ్. "సిమెంట్ గట్టిపడనీకి అన్ని ప్యాచులకు గోనెసంచులు కట్టి నీళ్లు కొట్టిన్రు. మూడో పిల్లర్‌కు కొట్టలే."

"నువ్వు పిల్లర్‌ను చూసినవా, స్వీటీని చూసినవా?"

"స్వీటీనే చూసిన. రోజూ గా పిల్లర్ పక్కనే నిలబడ్డది."

"కుళ్లు, వరుణ్. పాపం," అని స్వీటీ నవ్వింది.

శ్రవణ్ మూడో పిల్లర్ మీద ఆసిడ్ చల్లాడు. పాత కాంక్రీట్ బుసబుసా పొంగింది. మధ్యలో పళ్లెమంత మేర ఉలకలేదు, పలకలేదు.

"జియోపాలిమర్ మోర్టార్, సిమెంట్ లేని గచ్చు," అన్నాడు. "బొగ్గు బూడిద, ఉక్కు కొలిమి స్లాగ్, కాస్టిక్ సోడా కలిపి చేస్తరు. నీళ్లక్కర్లే, ఒక్కరోజుల గట్టిపడతది. పాత కాంక్రీట్‌ను పట్టుకుంటే వదలది. ఆసిడ్‌కు సిమెంట్ లెక్క పొంగది. బాపు సీసా ఇచ్చింది గిందుకే."

స్వీటీ పిస్తోలు తీయబోయింది. ఆమె కుడిచెయ్యి ఇంకా వరుణ్ చేతిలోనే ఉంది. ప్రేమనుకుని అతను వదల్లేదు.

శ్రవణ్ రిపేర్ కూలీల డ్రిల్లు అందుకున్నాడు. గట్టి మోర్టార్ జోలికి పోకుండా చుట్టూ ఉన్న పాత కాంక్రీట్‌ను తొలిచాడు. ముక్క ఊడింది. లోపల టైమర్. వైరు తెగేసరికి అంకె ఒకటి దగ్గర ఆగింది. పైన నాగమణమ్మ బోనంతో బ్రిడ్జి ఎక్కింది.

సాయంత్రం చీఫ్ ఆ ఫారిన్ వాచ్ విప్పించి శ్రవణ్ చేతికి పెట్టాడు. నిజంగానే లూజయింది.

వరుణ్ ముఖం మాత్రం ఆసిడ్ చల్లకుండానే పొంగుతోంది.