ఇంకా సిద్ధం కాలేదు

"బయటికి వెళ్ళి, తలుపు కొట్టి, లోపలికి రావచ్చా అని అడిగి రండి" అన్నాడు అతను, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "తలుపేదండీ?" అంది.

నిజమే. అది ప్రభుత్వ ఉపాధి సహాయ కేంద్రం. ఒక పెద్ద హాలును చెక్క పలకలతో ఎనిమిది గదులుగా విడగొట్టి, గదికొక మెంటర్‌ను కూర్చోబెట్టారు. తలుపులు పెట్టించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"ఉందనుకోండి."

"అనుకుంటాను. మూసి ఉందనుకోవాలా, తెరిచి ఉందనుకోవాలా?"

పక్క గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు తల ఎత్తి ఆమెను చూశాడు. మోచేతుల దాకా మడిచిన చొక్కా, బిగించి అల్లిన జడ, ఎంత తోమినా వదలని గ్రీజు నల్లగా అంటిన గోళ్ళు. ఆమె బయటికి వెళ్ళి చెక్క పలక మీద వేళ్ళతో కొట్టింది. పలక అవతల తగిలించిన కేలండర్ కింద పడింది.

"క్షమించండి. నా చెయ్యి కొంచెం మోటు" అని వచ్చి కూర్చుంది.

ఆఫీసులో అతన్ని అందరూ ప్రాక్టీస్ సార్ అంటారు. ఎవరొచ్చినా ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయించందే వదలడు. ఆమెను అతనికి అప్పగించింది కేంద్రాన్ని నడిపే పెద్ద మేడం. ప్రతి మంగళవారం పదకొండు గంటలకు, పన్నెండు వారాలు.

"మీ గురించి చెప్పండి."

"నాకు మోటార్లు వచ్చు."

అతను కలం పట్టుకుని ఎదురు చూశాడు. "తర్వాత?"

"తర్వాతేముంది? పంపులూ వచ్చు."

మిగిలింది అతనే ఒక్కొక్క ప్రశ్నగా రాబట్టుకున్నాడు. వాళ్ళ నాన్న పంపుల మెకానిక్. పదేళ్ళ వయసు నుంచి ఆయన వెనకాల పానాలు మోసింది. ఆయన మంచం పట్టాక ఆరేళ్ళు ఆ పనంతా తనే చూసింది. నాన్న పోయాక, "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అని అడిగి వెనక్కి తిరిగిపోయే గిరాకీలే ఎక్కువయ్యాయి. నీటి సరఫరా శాఖలో పంపు ఆపరేటర్ ఉద్యోగం కోసం ప్రభుత్వ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్ళింది. బల్ల అవతల ముగ్గురు కూర్చుని చూసేసరికి రెండుసార్లూ నోరు పెగల్లేదు.

ముప్పై నిండేలోపు ఉద్యోగంలో చేరాలన్నది నిబంధన. ఆమెకు ఇరవైతొమ్మిది నడుస్తోంది. పుట్టిన తేదీని అతనే ఎర్ర సిరాతో ఫైలు మీద రాసి, కింద రెండు గీతలు గీశాడు.

వారాలు గడిచాయి.

"మీ బలహీనత ఏమిటి?"

"పనికిరాని ప్రశ్నలకు జవాబు రాదండి."

"అది అక్కడ అనకండి."

"ఇక్కడ అనొచ్చా?"

"ఇక్కడ అనొచ్చు" అన్నాడు. ఆ మాట ఎందుకంత మెత్తగా వచ్చిందో అతనికే తెలియలేదు.

ఏడో మంగళవారం జోరున వాన. ఇక రాదులే అనుకుని అతను పదకొండింటి దాకా గడియారం చూశాడు, ఆ తర్వాత కిటికీ చూశాడు. పదకొండూ అయిదుకు తల నుంచి కాళ్ళ దాకా కారుతూ వచ్చింది. ఫైలు మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లలో పొడిగా ఉంది.

"ఫైలుకు చుట్టిన కవరు తల మీద కప్పుకోకూడదూ?"

"నేను ఆరతానండి. కాగితం ఆరదు."

అతను తన తువ్వాలు ఇచ్చాడు. ఆమె తుడుచుకుని, తిరిగి ఇవ్వబోయి, తడిసిపోయిందని వెనక్కి లాక్కుంది. ఉతికి తెస్తానంది. ఆ రోజు ప్రాక్టీసు ఏమీ సాగలేదు. మాట కలపడానికి, "పంపు గాలి పీలుస్తోందని ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. అంతే. పావుగంట సేపు ఆగకుండా చెప్పింది. ఏ శబ్దం ఎలా ఉంటుందో, పైపు మీద చెయ్యి పెడితే ఏం తెలుస్తుందో, చేతులు తిప్పుతూ, కళ్ళు వెలిగించుకుని చెప్పింది. అతను ఒక్క ముక్క రాసుకోలేదు. కలం మూత తీసి ఉందని, సిరా చొక్కా జేబుకు అంటిందని ఇంటికి వెళ్ళాక చూసుకున్నాడు.

పదో వారం నీటి సరఫరా శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మూడు ఖాళీలు. ఇంటర్వ్యూకు పంపవలసిన వాళ్ళ ఫారాల మీద మెంటర్లు రెండు గళ్ళలో ఒకదానికి టిక్కు పెట్టాలి. 'సిద్ధం', 'ఇంకా సిద్ధం కాలేదు'.

ఆమె ఫారం ముందు అతను చాలాసేపు కూర్చున్నాడు. మళ్ళీ నోరు పెగలకపోతే? మూడోసారి ఓడిపోతే ఆ పిల్ల తట్టుకుంటుందా? రెండు నెలల్లో ఇంకో జాబితా వస్తుంది. అప్పటికి బాగా తయారవుతుంది. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుని రెండో గడిలో టిక్కు పెట్టాడు. పెట్టాక మనసు తేలికపడింది. అలా తేలికపడినప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

శుక్రవారం పొద్దున జాబితా బోర్డు మీద అంటించారు. ఆమె పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చదివి అతని గదికి వచ్చింది. ఈసారి పలక కొట్టలేదు.

"నా పేరు లేదు."

"వచ్చే జాబితాలో పంపిద్దామని. ఇంకొంచెం ప్రాక్టీసు..."

"వచ్చే జాబితా ఎప్పుడు?"

"రెండు నెలల్లో."

"నాకు ముప్పై ఎప్పుడు నిండుతుంది?"

అతను ఫైలు తీశాడు. ఎర్ర సిరా, కింద రెండు గీతలు. ఇంకా ముప్పై ఏడు రోజులు.

"మీరే రాశారు సార్. మీరే చూసుకోలేదు" అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

అతను లేచి నిలబడ్డాడు. "మీకు ఇంటర్వ్యూలో నోరు రాదేమోనని అలా రాశాను. కానీ అది సగమే నిజం."

"మిగతా సగం?"

"మీ పేరు పంపితే మీరిక ఇక్కడికి రారు. మంగళవారాలు అయిపోతాయి. ఆ సంగతి నాకు ఇప్పుడే, మీ ముందు నిలబడ్డాకే తెలిసింది."

ఆమె ముఖం ఎర్రబడింది, సిగ్గుతో కాదు. "అంటే మీ మంగళవారాల కోసం నా ఉద్యోగం ఆపారా? ఇంట్లో మగవాళ్ళు లేరా అని అడిగిన వాళ్ళకూ మీకూ తేడా ఏముందండీ? వాళ్ళు నా ముఖం మీదే వద్దన్నారు."

ఉతికి మడత పెట్టి తెచ్చిన తువ్వాలును బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాక కడుక్కోకుండా తిరిగేవాళ్ళే లోకంలో ఎక్కువ. అతను నేరుగా పెద్ద మేడం దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. మంగళవారం సంగతితో సహా.

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ముప్పై ఏళ్ళ సర్వీసులో, అభ్యర్థి పనికిరాదని ఆపిన వాళ్ళను చూశాను గాని, వెళ్ళిపోతుందని ఆపిన వాణ్ణి నిన్నే చూడటం బాబూ."

"ఇప్పుడేం చేయొచ్చు మేడం?"

"సాయంత్రం నాలుగింటిలోపు నీటి సరఫరా ఆఫీసుకు సవరణ కాగితం చేరితే పేరు కలుపుతారు. తప్పు మెంటర్‌ది అని నీ చేత్తో రాయాలి. అది నీ ఫైల్లో ఉండిపోతుంది. వచ్చే ఏడు నీ కాంట్రాక్టు పొడిగించేటప్పుడు ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పను."

"చెప్పొద్దు మేడం" అన్నాడు. కాగితం తీసుకుని, తప్పు తనదేనని రాశాడు. బస్సు కోసం ఆగకుండా నడిచే వెళ్ళాడు. నాలుగుకు పది నిమిషాలుండగా ముద్ర వేయించుకున్నాడు.

మేడం ఆమె ఫైలు తన దగ్గరికి తీసుకుంది. "ఉద్యోగం వచ్చి, చేరి, తొంభై రోజులు నిలబడితేనే ఫైలు మూస్తాం. అప్పటిదాకా నువ్వు ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడటానికి వీల్లేదు" అంది. అతను తల ఊపాడు.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు ఆమె మేడం గదికి వచ్చింది. మేడం గది అతని పక్కదే. పలక సన్నంది. చెవులు మూసుకోవాలని అతనికి అనిపించలేదు.

"మీ గురించి చెప్పమన్నారు మేడం. ఎప్పటిలాగే నోరు ఎండిపోయింది."

"ఆ తర్వాత?"

"కిటికీ బయట వాళ్ళ మోటారు ఆడుతోంది. అయ్యా, నా గురించి చెప్పడం నాకు రాదు, ఆ మోటారు గురించి అడగండి అన్నాను. దాని సంగతేమిటన్నారు. వారంలో కాలిపోతుందన్నాను. ముగ్గురూ లేచి నాతో బయటికి వచ్చారు. బయటికొచ్చాక నాకు భయమేముంది?"

మేడం పెద్దగా నవ్వింది. పలక ఇవతల అతను రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న కుర్రాడు, "సార్, నా ఇంటర్వ్యూ ప్రాక్టీసు అంత ఘోరంగా ఉందా?" అని బిక్కముఖం వేశాడు.

ముప్పై నిండటానికి ఆరు రోజుల ముందు ఆమె ఉద్యోగంలో చేరింది.

తొంభై రోజుల్లో అతను ఒక్కసారి కూడా ఆ పంపుహౌసు వైపు వెళ్ళలేదు. ఆ దారిలో వెళ్ళే బస్సు కూడా ఎక్కలేదు. తొంభై ఒకటో రోజు మేడం వచ్చి అతని బల్ల ముందు నిలబడింది.

"ఫైలు మూశాను. రేపు ఆదివారం పొద్దుటి డ్యూటీ అట. నిన్ను రమ్మంది. తిట్టడానికో మరెందుకో నేను అడగలేదు."

పంపుహౌసు గది శుభ్రంగా ఉంది. నాలుగు మోటార్లు ఒకే శ్రుతిలో ఆడుతున్నాయి. ఆమె యూనిఫాంలో, చేతిలో లాగ్ పుస్తకంతో నిలబడి ఉంది. గోడ పక్కన బల్ల మీద వాళ్ళమ్మ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈయనేనా నీ పేరు ఆపింది?" అంది తల్లి.

"మళ్ళీ కలిపించిందీ ఈయనేనమ్మా. మేడం చెప్పారుగా."

తల్లి అతన్ని ఎగాదిగా చూసింది. "తప్పు నాదేనని కాగితం మీద రాసిచ్చే మగవాణ్ణి నా ఈడులో నేను చూడలేదు" అని, డబ్బా మూత తీసి సగం మూతలో పెట్టింది. "తిను బాబూ. నడిచొచ్చినట్టున్నావు."

అతను తినడం మొదలుపెట్టాక ఆమె దగ్గరికి వచ్చింది. మోటార్ల హోరులో కొంచెం వంగి మాట్లాడవలసి వచ్చింది.

"నాకు కోపం ఇంకా పోలేదు."

"తెలుసు."

"పోయాక పిలుద్దామనుకున్నాను. అది ఇప్పట్లో పోయేలా లేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడుకుందామని పిలిచాను."

"ఏం మాట్లాడాలి?"

"మీకు నేను నచ్చితే నచ్చానని చెప్పాలి. ఫారాల మీద టిక్కులు పెట్టకూడదు."

అతనికి నోరు పెగల్లేదు. అంతమందికి మాటలు నేర్పినవాడు, చేతిలో ముద్ద పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు. రెండో మోటారు దగ్గరికి వెళ్ళి, పైపు మీద చెయ్యి పెట్టి చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని తిరిగి వచ్చింది.

"నచ్చావు" అన్నాడు. "మొదటి రోజు నుంచీ."

"సరే. నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. అప్పటిదాకా ఇక్కడే కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి."

తల్లి కొంచెం జరిగి బల్ల మీద చోటిచ్చింది. అతను కూర్చున్నాడు.