పందొమ్మిది కేకు ముక్కలు

జెనెవా ప్రూయిట్ యార్డుకి మొదటిసారి వెళ్ళిన రోజున నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ అడగకూడని మనిషిని అడిగాను.

గేటు దగ్గర కుర్చీలో ఒక తెల్లగడ్డం పెద్దాయన ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఆయన వెనక మూడు టిప్పర్లు ఉన్నాయి. ఒకదాని కింద నుంచి రెండు బూట్లు బయటికి కనిపిస్తున్నాయి. మెకానిక్‌వి అనుకున్నాను.

“నా పేరు లిండెల్ హార్‌గ్రోవ్. సిటీ ఆఫీసు నుంచి వచ్చాను,” అని కాగితం తీశాను. “ప్రూయిట్ గారూ, ఒక్కో బండి ఎన్ని టన్నులు మోస్తుంది?”

“ఏమో బాబూ.”

“టెండర్లో రేటు ఎవరు వేస్తారు?”

“నేనైతే కాదు.”

“మరి మీరిక్కడ ఏం చేస్తారు?”

“రెండో నంబరు బండి తోల్తాను. నాకు జీతం ఇచ్చేది ఆ బూట్లే,” అన్నాడు పెద్దాయన, ఆ బూట్ల వైపు గడ్డం ఊపి.

బూట్లు కదిలాయి. వాటి వెనకాల ఒకావిడ జారుకుంటూ బయటికొచ్చింది. చెంప మీద గ్రీజు, చేతిలో పానా.

“పధ్నాలుగు టన్నులు. రేటు నేనే వేస్తాను. ఆయన మా ఓటిస్ బాబాయ్,” అంది. “ఇన్‌స్పెక్టర్ గారూ, ఓనరంటే గడ్డం ఉండాలని మీ కాగితంలో ఎక్కడైనా రాసుందా?”

రాసి లేదు. నా ముఖం మాడిపోయింది. బాబాయ్ మాత్రం హాయిగా ఇంకో కాయ ఒలుచుకున్నాడు.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. వాషింగ్టన్ నుంచి కేంద్ర ప్రభుత్వం పంపే డబ్బుతో ఏ ఊళ్ళో రోడ్డేసినా, వంతెన కట్టినా, అందులో కొంత వాటా వెనకబడిన వాళ్ళ చిన్న కంపెనీలకు దక్కాలి. నల్లవాళ్ళవీ, ఆడవాళ్ళవీ, ఇన్నాళ్ళూ గేటు బయటే నిలబెట్టిన వాళ్ళవీ. సర్టిఫికెట్ ఉంటేనే ఆ వాటా. పేరు వాళ్ళదీ పని ఇంకొకళ్ళదీ కాకుండా చూడటం నా పని. జెనెవా రెండు గంటలసేపు నన్ను యార్డంతా తిప్పింది. టైరు అరుగుదల చూసి బండి ఎన్నాళ్ళు తిరుగుతుందో చెప్పింది. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ బండ్లు తోలి, ఒక్క బండైనా సొంతం కాకుండానే పోయాడని కూడా చెప్పింది. ఆ వారమే ఆమె సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. అప్పటికింకా నా మనసులో ఏ దోషమూ లేదు.

తర్వాత అర్కన్సా నది మీద వంతెన పని మొదలైంది. జెనెవా బండ్లు కంకర తోలేవి. నెలకోసారి నేను తనిఖీకి వెళ్ళేవాణ్ణి. మొదటి నెలే ఆమె రేకు డబ్బా మూత తీసింది. లోపల పౌండ్ కేకు.

“వద్దండీ. కాంట్రాక్టు వాళ్ళ దగ్గర కాఫీ కూడా తాగకూడదు.”

“ఒక్క ముక్క తింటే ప్రభుత్వం పడిపోతుందా?”

“ప్రభుత్వం పడిపోదు. నా ఉద్యోగం పడిపోతుంది.”

“అయితే చూస్తూ ఉండండి,” అని బానెట్‌కి ఆనుకుని నా ఎదుటే తింది. “ఆరు గుడ్లు. ఇంత వెన్న. పైన నిమ్మరసం. అబ్బ.” పక్కన బాబాయ్ ఎందుకో దగ్గుతూ నవ్వాడు.

ప్రతి నెలా ఇదే తంతు. ఒకసారి వాన దంచి కొడుతుంటే ఇద్దరం వంతెన కింద నిలబడ్డాం. పై నుంచి ధార నా ఒక్కడి భుజం మీదే పడుతోంది.

“ఇటు జరగొచ్చు కదా. వాన పడని చోటు కూడా లంచమేనా?” అంది.

జరిగాను. మా మధ్య ఆ రేకు డబ్బా ఉంది. ఆమె జుట్టుకి వాన వాసన, చేతులకి డీజిల్ వాసన. ఏదో అనాలనిపించింది. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. సర్టిఫికెట్ ఇచ్చినవాడే వెంటపడ్డాడంటే ఆ సర్టిఫికెట్‌ని ఎవరు నమ్ముతారు? పోటీ కంపెనీలు కాచుకుని ఉన్నాయి. నేను ఒక్క మాట అంటే ఆ మూడు బండ్లూ రోడ్డు మీద నిలబడిపోతాయి. వాన ఆగేదాకా కంకర గురించే మాట్లాడాను.

పందొమ్మిదో నెలలో నా పెన్ను ఆగింది. జెనెవా పేరున్న కొత్త బండి ఒకటి వచ్చింది. తలుపు మీద పేరు రంగుతో రాసింది కాదు, అయస్కాంతంతో అంటించిన పలక. కింద ఇంకో కంపెనీ పేరు తొంగిచూస్తోంది. దొంగ వాటాలు సాధారణంగా ఇలాగే దొరుకుతాయి. రాసుకోవాలి. చెయ్యి కదల్లేదు. చూడనట్టు వెళ్ళిపోతే ఏం పోయింది అనిపించింది.

చివరికి అడిగాను. ఆమె సీటు కింద నుంచి అద్దె ఒప్పందం తీసి చూపించింది. అంతా సక్రమమే. “మీ ముఖం ఏంటి, అలా పాలిపోయింది?” అంది. నేను కేకు వైపు కూడా చూడకుండా వచ్చేశాను.

మా ఆఫీసులో ఒక ఫారం ఉంది. తనిఖీ చేసే కంపెనీతో సొంత సంబంధం ఏదైనా ఉంటే అందులో రాసివ్వాలి. సాయంత్రందాకా కూర్చుని రాశాను. మా పై అధికారి వెదర్స్‌బీ మేడమ్ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది.

“ఈ సంగతి ఆ పిల్లకి చెప్పావా?”

“లేదు మేడమ్.”

“ఆవిడకి చెప్పకుండా నగరపాలక సంస్థకి చెప్పావా?”

“ముందు మీకే చెప్పాలని రూలు ఉంది.”

ఆవిడ నిట్టూర్చి, నన్ను పార్కుల విభాగానికి పంపింది. జెనెవా సర్టిఫికెట్‌ని కొత్త అధికారిణి మొదటి నుంచీ మళ్ళీ పరిశీలిస్తుందంది. అది తేలేదాకా ఆమెతో మాట్లాడకూడదంది.

అయిదు నెలలు నది ఒడ్డు పార్కుల్లో బెంచీలు లెక్కపెట్టాను. వంతెన మీద టిప్పరు వెళ్తే తలెత్తేవాణ్ణి. ఆమె బండి గేరు మార్చే చప్పుడు నాకు తెలుసు. అది వినబడిన రోజు అన్నం సహించేది కాదు, వినబడని రోజు నిద్ర పట్టేది కాదు. నా మూలంగా ఆమె మళ్ళీ పరీక్షకు నిలబడిందే అన్న దిగులు మాత్రం రోజూ ఉండేది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆ గేరు చప్పుడు పార్కు గేటు దగ్గరే ఆగింది. జెనెవా దిగింది. చంకలో రేకు డబ్బా, చేతిలో ఫైలు.

“అయిదు నెలలు నా బండ్లన్నీ విప్పి చూశారు,” అంది. “మీరే నా మీద ఏదో రాసి పారిపోయారనుకున్నాను. మిమ్మల్ని తిట్టని రోజు లేదు. నిన్న సర్టిఫికెట్ మళ్ళీ చేతికొచ్చింది. వెంటనే వెళ్ళి నా ఫైలు నకలు అడిగాను. సిటీ ఫైలు ఎవరడిగినా చూపించాలి కదా.”

ఆమె కాగితం తీసి చదివింది.

“‘సంబంధం ఏమిటి? ఏమీ లేదు. ఆమెకు ఏమీ తెలియదు. పందొమ్మిది సార్లు కేకు పెట్టింది, నేను ఒక్కసారీ తినలేదు. ఎన్ని బండ్లు వెళ్తున్నా ఆమె బండి చప్పుడు గుర్తుపడతాను. కాబట్టి ఆమె పనిని తనిఖీ చేయడానికి నేను తగను. ఇదంతా నా ఒక్కడి వైపు నుంచే.’”

చదవడం ఆపింది.

“మీరు నన్ను ప్రేమిస్తున్న సంగతి ఈ ఊళ్ళో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే.”

“నన్ను క్షమించండి, జెనెవా గారూ.”

“క్షమించను. ఫైల్లో తప్పుంటే దిద్దించుకునే హక్కు నాకుందట. పొద్దున్నే వెదర్స్‌బీ మేడమ్ ముందు రాసి, ముద్ర కూడా వేయించాను. ఇప్పుడు ఆఖరున తెలిసేది మీకు.”

కాగితం నా చేతిలో పెట్టింది. నీలం ముద్ర కింద ఆమె దస్తూరి.

‘చివరి వాక్యం తప్పు. ఆ పందొమ్మిది కేకులూ ఆయన కోసమే చేశాను. నాకు చిన్నప్పటి నుంచీ కేకంటే గిట్టదు.’

ఓటిస్ బాబాయ్ దగ్గు అప్పుడు అర్థమైంది నాకు. తలెత్తేసరికి ఆమె బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీసింది. లోపల ఒక్కటే ముక్క ఉంది.

“ఈసారి నువ్వే తిను,” అంది. “నావల్ల కాదు.”